మోర్ బెటర్ అంటే నవ్వెందుకు?

పోయిన సెమిస్టర్‌లో ఒక సెమినార్. నా రూమ్మేట్ రెండు సార్టింగ్ పద్ధతుల్ని పోల్చి చెప్తున్నాడు. లెక్కలన్నీ కరెక్టు. చివర్లో "దిస్ వన్ ఈజ్ మోర్ బెటర్" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ తర్వాత ఏ ప్రశ్న అడిగినా వాడు యెస్, నో అని చెప్పి వచ్చి కూర్చున్నాడు. వాడు పదో తరగతి దాకా తెలుగు మీడియం, నేను నర్సరీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. కానీ ఆ సబ్జెక్టు మా ఇద్దరిలో ఎవరికి బాగా వచ్చు అంటే, వాడికే.

రాత్రి హాస్టల్లో అడిగాడు: "రేయ్, మోర్ బ్యూటిఫుల్ అనొచ్చు, మోర్ బెటర్ అనకూడదు. ఎందుకురా?"

స్కూల్లో బట్టీ పట్టింది అప్పజెప్పాను. చిన్న మాటైతే చివర ఇ-ఆర్, ఇ-ఎస్-టి చేరుతాయి: టాల్, టాలర్, టాలెస్ట్. హ్యాపీ లాంటి వాటికి వై పోయి ఐ వస్తుంది. పెద్ద మాటైతే ముందు మోర్, మోస్ట్ పెట్టాలి. గుడ్ మాత్రం పూర్తిగా మారిపోయి బెటర్, బెస్ట్ అవుతుంది. బెటర్‌లోనే 'ఎక్కువ' ఉంది కాబట్టి ఇంకో మోర్ అక్కర్లేదు.

"అది రూలు. నేనడిగింది ఎందుకని" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ తర్వాత కూర్చుని ఆలోచిస్తే, వాడి తప్పులో ఒక లెక్క కనిపించింది. తెలుగులో విశేషణం మారదు. 'మంచి' ఎప్పుడూ మంచే. పోల్చాలంటే "దానికంటే ఇది మంచిది" అంటాం, "ఇంకా మంచిది" అంటాం, "అన్నిటికంటే మంచిది" అంటాం. వాడి నోట్లో 'ఇంకా'యే మోర్ అయింది. మచ్ బెటర్ ఒప్పు, ఈవెన్ బెటర్ ఒప్పు, మోర్ బెటర్ తప్పు. ఇది ఊహించి కనుక్కునేది కాదు, చిన్నప్పటి నుంచీ చెవిన పడితే వచ్చేది. నాకు చెవిన పడింది, వాడికి పడలేదు. అంతే తేడా.

పోనీ ఇంగ్లీషు వాళ్ళే ఎప్పుడూ ఇలా అనలేదా? షేక్‌స్పియర్ జూలియస్ సీజర్ నాటకంలోనే మోస్ట్ పెట్టి, మాట చివర ఎస్ట్ కూడా తగిలించాడు. అప్పట్లో అది తప్పు కాదు. 18వ శతాబ్దంలో వ్యాకరణాలు రాసినవాళ్ళు దాన్ని తప్పుల జాబితాలో వేశారు. లెస్ అంటేనే 'తక్కువ' అని పోల్చే మాట. దానికి మళ్ళీ ఇ-ఆర్ తగిలిస్తే వచ్చిందే లెసర్. నియర్ కూడా పాత ఇంగ్లీషులో 'ఇంకా దగ్గర' అనే అర్థమున్న మాటే, అంటే నియరర్ రెండుసార్లు పోల్చడమే. వీటిని చూసి ఎవరూ నవ్వరు.

మన సంగతి చూద్దాం. సంస్కృతంలో పోల్చడానికి 'తర', అన్నిటికంటే పైన అనడానికి 'తమ'. 'ఉత్తమ'లో ఆ తమ ఉండనే ఉంది. దాని ముందు 'అతి' చేర్చి 'అత్యుత్తమ' అంటున్నాం. అంటే మోస్ట్ బెస్ట్! అది కాలేజీ హోర్డింగ్ మీద ఉంటే గొప్ప తెలుగు, మా వాడి నోట వస్తే జోకు.

ఇంకో మాట. క్యూసార్ట్‌కి మనం రాసిచ్చే కంపేర్ ఫంక్షన్ రెండు విలువలు తీసుకుంటుంది. ఒక్కటే ఇస్తే పోల్చేదేముంది? తెలుగులో 'కంటే' కూడా అలాగే అడుగుతుంది: దేనికంటే? ఎవరికంటే? ఇంగ్లీషులో 'బెటర్ ఫ్యూచర్' అనేసి తప్పించుకోవచ్చు, ఎవరి ఫ్యూచర్ కంటే బెటరో చెప్పక్కర్లేదు. తెలుగు మీడియం వాడికంటే నేను బెటర్ అని ఇన్నేళ్ళూ అనుకున్నాను. దేంట్లో అని ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడుక్కోలేదు.

రూలు వద్దని అనట్లేదు. పరీక్షలో, ఇంటర్వ్యూలో బెటర్ అనే చెప్పాలి, మా వాడు నేర్చుకున్నాడు కూడా. కానీ తప్పు దిద్దడం వేరు, నవ్వడం వేరు. దిద్దితే మాట మారుతుంది, నవ్వితే మనిషి మాట్లాడటమే మానేస్తాడు. అంత బాగా చెప్తున్న సెమినార్ ఆ రోజు అక్కడే ఆగిపోయింది. నష్టం వాడికే కాదు, డౌట్లు మిగిలిపోయిన మాకు కూడా.

తర, తమ కలిస్తే వచ్చిన మాటే తారతమ్యం. వ్యాకరణంలో అది ఉండాల్సిందే. క్లాస్‌రూమ్‌లో ఎందుకు?

వచ్చే నెల వాడిది ఇంకో సెమినార్ ఉంది. ఈసారి ముందు బెంచీలో కూర్చుంటాను, డౌట్లు అడగడానికి.