తాళం వేసిందొకడు... నింద మోసేదొకరు

"ఆ మెయిల్ ఎవరు తెరిచారు?" ఆఫీసులో కంప్యూటర్ మొరాయిస్తే మొట్టమొదట వినిపించే ప్రశ్న ఇదే. వెంటనే అందరి చూపులూ దాని ముందు కూర్చున్న అమ్మాయి మీద పడతాయి. ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో, స్కూలు ఆఫీసులో, డేటా ఎంట్రీ గదిలో కూర్చునేది చాలాచోట్ల ఆడపిల్లలే కదా! అందుకే రాన్సమ్‌వేర్ గురించి మనం మాట్లాడుకోవాలంటున్నాను.

మనుషుల్ని ఎత్తుకెళ్లి డబ్బు అడిగే దొంగల సంగతి మనకు తెలుసు. ఇక్కడ బందీ అయ్యేవి ఫైళ్లు. అవి ఎక్కడికీ పోవు, మన కంప్యూటర్లోనే ఉంటాయి. కానీ తెరుచుకోవు. ఫొటోలు, లెక్కలు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ అర్థంకాని గీతల్లా మారిపోతాయి. తాళంచెవి కావాలంటే ఇంత సొమ్ము కట్టమని తెరమీద ఒక నోటీసు ప్రత్యక్షమవుతుంది. ఇదేమీ నిన్నమొన్నటి విద్య కాదు. 1989లోనే ఎయిడ్స్ సమాచారం పేరుతో ఫ్లాపీలు పోస్టులో పంపి, కంప్యూటర్లను స్తంభింపజేసి, పనామాలోని ఒక పోస్టుబాక్సుకు 189 డాలర్లు పంపమన్నాడొకడు. ఇప్పుడు ఫ్లాపీకి బదులు ఈమెయిల్, పోస్టుబాక్సుకు బదులు బిట్‌కాయిన్. అంతే తేడా.

తప్పు ఎవరిది?

2017 మే 12న వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ విరుచుకుపడింది. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు తాళం పడింది. బ్రిటన్ ఆసుపత్రుల్లో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. ఒక్కో కంప్యూటర్‌కు అడిగింది 300 డాలర్లు. గమనించాల్సిందేమిటంటే, అది ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి పాకడానికి ఎవరూ ఏ మెయిలూ తెరవనక్కర్లేదు. విండోస్‌లో ఉన్న ఒక కన్నం చాలు. ఆ కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చింది. రెండు నెలలు గడువుంది! దాన్ని వేయించాల్సింది టైపు చేసే అమ్మాయా, వ్యవస్థను నడిపే పెద్దలా?

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో సర్వర్లు ఆగిపోయాయి. ఓపీ చీటీలు, పరీక్షల రిపోర్టులు చేత్తో రాసుకోవాల్సి వచ్చింది. ఐదు సర్వర్లలోని సమాచారానికి తాళం పడిందని, నెట్‌వర్క్‌ను సరిగా విభజించకపోవడమే అందుకు కారణమని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. అంటే ఇంట్లో గదుల మధ్య తలుపులు లేవన్నమాట! ఒక గదిలో దూరిన దొంగ ఇల్లంతా తిరిగాడు. అక్కడ ఆదుకున్నదేమిటో తెలుసా? దాడి సోకని ఒక బ్యాకప్ సర్వర్. 2024 జులై చివర్లో చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించే ఒక సంస్థ మీద దాడి జరిగితే, సుమారు 300 బ్యాంకుల ఖాతాదారులకు చెల్లింపులు నిలిచిపోయాయి. ఆ ఖాతాదారుల్లో ఎవరు ఏ మెయిల్ తెరిచారని?

అలాగని వ్యక్తిగత జాగ్రత్త అక్కర్లేదని నేననను. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ చేసే ఒకావిడ నాకు తెలుసు. డిజైన్ల సాఫ్ట్‌వేర్ ఖరీదెక్కువని, కంప్యూటర్ అమ్మినతను ఉచితంగా దొరికే దొంగ కాపీ వేసిచ్చాడు. దాంతోపాటే రాన్సమ్‌వేర్ వచ్చింది. నాలుగేళ్ల డిజైన్లు, ఖాతాదారుల కొలతలు పోయాయి. "నీకెందుకమ్మా ఈ కంప్యూటర్లు, ముందే చెప్పానుగా!" అన్నారట ఇంట్లోవాళ్లు. డిజైన్లు పోయినదానికంటే ఆ మాటే ఆవిడని ఎక్కువ బాధపెట్టింది. దొంగ కాపీ వేసినవాణ్ని మాత్రం ఒక్కరూ అడగలేదు.

తాళం పడితే ఏం చేయాలి?

ముందు ఇంటర్నెట్ కేబుల్ తీసేయండి, వైఫై ఆపండి. తగిలించి ఉన్న పెన్‌డ్రైవ్, హార్డ్‌డిస్క్ ఊడదీయండి. తెరమీది నోటీసును ఫోన్‌తో ఫొటో తీసి ఉంచండి. కంగారుపడి డబ్బు కట్టకండి. కట్టినా తాళంచెవి ఇస్తాడన్న హామీ లేదు, పైగా మళ్లీ అడగొచ్చు. జాతీయ సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి.

యాంటీవైరస్ వేస్తే వైరస్ పోతుందేమోగానీ ఫైళ్లు తెరుచుకోవు. దొంగను బయటికి నెట్టినా తాళం తాళమే. అందుకే వెంటనే ఫార్మాట్ చేయించేయకండి. తాళం పడిన ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేసి దాచండి. డచ్ పోలీసులు, యూరోపోల్, యాంటీవైరస్ సంస్థలు కలిసి 2016లో 'నో మోర్ రాన్సమ్' అనే ఉచిత సేవ మొదలుపెట్టాయి. కొన్ని రకాలకు తాళంచెవులు అక్కడ దొరుకుతాయి. ఈరోజు లేనిది రేపు రావచ్చు. ఆ తర్వాతే ఫార్మాట్ చేయించి, విండోస్ కొత్తగా వేయించండి. పాస్‌వర్డులన్నీ వేరే శుభ్రమైన కంప్యూటర్ నుంచి మార్చుకోండి.

ముందు జాగ్రత్త

ముఖ్యమైనవి మూడు కాపీలు ఉండాలి. అందులో ఒకటి ఇంటి బయట ఎక్కడైనా, పుట్టింట్లోనైనా సరే! కాపీ తీశాక డిస్కును ఊడదీసి బీరువాలో పెట్టండి. తగిలించే ఉంచితే దానికీ తాళం పడుతుంది. అప్పుడప్పుడూ తెరిచి చూడండి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్టే. అప్‌డేట్లు వాయిదా వేయొద్దు. విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. అదే వాడుతుంటే మారే ఏర్పాటు చూసుకోండి. దొంగ సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు.

ఇక ఉద్యోగం చేసే అమ్మాయిలకు ఒక మాట. మీ ఆఫీసులో అప్‌డేట్లు ఎవరి బాధ్యత, బ్యాకప్ ఎవరు తీస్తున్నారు, ఎన్నాళ్లకోసారి తీస్తున్నారు అని ఇప్పుడే అడగండి. అనుమానపు మెయిల్ వస్తే వెంటనే చెప్పండి. చెబితే తిడతారన్న భయమున్న చోట ఎవరూ నోరు విప్పరు. ఆ గంటసేపు మౌనంలోనే నష్టం పదింతలవుతుంది. యజమానులూ, ఈ సంగతి మీరే ముందుగా గ్రహించాలి.