గడి నింపితే పరీక్ష అయినట్టేనా?

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గర్భిణుల పరీక్షల రోజు. పొద్దున తొమ్మిదిన్నరకే వరండా నిండిపోతుంది. బరువు, బీపీ, హిమోగ్లోబిన్ అయ్యాక వేలి చివర సూది గుచ్చుతారు. గ్లూకోమీటర్ పట్టీకి చుక్క రక్తం తాకించి, తెర మీద వచ్చిన అంకెను తల్లీబిడ్డల కార్డులో వేస్తారు. 104. నార్మల్. తర్వాత ఎవరు? ఆమె పొద్దున ఏం తిన్నదో, ఎప్పుడు తిన్నదో, అసలు తిన్నదో లేదో అడిగే తీరిక ఎవరికీ ఉండదు. కార్డులో ‘షుగర్’ అన్న గడి నిండింది. ఆ అంకె ఆన్‌లైన్‌లోనూ ఎక్కుతుంది. నెలాఖరు సమీక్షలో మండలం లెక్క ముచ్చటగా కనిపిస్తుంది. జరగనిదల్లా గర్భధారణ మధుమేహానికి పరీక్ష ఒక్కటే.

అన్నిచోట్లా ఇదే తంతు అనడం అన్యాయం. నిబంధన ప్రకారం ఓపిగ్గా చేసే ఏఎన్‌ఎంలు ఉన్నారు, వైద్యాధికారులూ ఉన్నారు. కానీ ర్యాండమ్ షుగర్‌తో సరిపెట్టే అలవాటు ప్రభుత్వ కేంద్రాల్లోనూ, చిన్నాచితకా నర్సింగ్ హోముల్లోనూ పాతుకుపోయింది. ఎవరూ తప్పుపట్టకపోవడంతో అదే పద్ధతిగా చలామణి అవుతోంది. దీన్ని ఇక సాగనివ్వకూడదు.

అసలు పరీక్ష ఎలా చేయాలో కేంద్ర ఆరోగ్య శాఖ 2014లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, 2018లో వాటిని సవరించింది. 75 గ్రాముల గ్లూకోజ్‌ను 300 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, ఐదు పది నిమిషాల్లో తాగించాలి. రెండు గంటలకు రక్తం తీయాలి. 140 గానీ అంతకు మించి గానీ వస్తే గర్భధారణ మధుమేహమే. పరగడుపున రావాల్సిన పని లేదు. తాగిన అరగంటలోపు వాంతి అయితే మర్నాడు మళ్లీ చేయాలి. గర్భం అని తెలిసి ఆసుపత్రికి వచ్చిన మొదటిసారే ఒక పరీక్ష, అందులో ఏమీ తేలకపోతే 24 నుంచి 28 వారాల మధ్య మరొకటి. పెద్ద యంత్రాలు అక్కర్లేదు. గ్లూకోజ్ పొడి, కొలతగ్లాసు, సరిచూసిన గ్లూకోమీటర్ ఉంటే ఉపకేంద్రంలోనూ చేయవచ్చు.

రెండుసార్లు ఎందుకంటే, ఈ షుగర్ గర్భంతోపాటే పెరుగుతుంది. కడుపులో మాయ ఎదిగేకొద్దీ దాని నుంచి వచ్చే హార్మోన్లు తల్లి ఒంట్లోని ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వవు. బిడ్డకు చక్కెర అందుబాటులో ఉంచడానికి ప్రకృతి చేసిన ఏర్పాటే అది. చాలామందిలో క్లోమం రెట్టింపు పనిచేసి లెక్క సరిచేసుకుంటుంది. చేయలేకపోయిన వాళ్లలో షుగర్ పైకెక్కుతుంది. అదీ ముందు బయటపడేది ఒంట్లోకి చక్కెర పోటుగా దిగినప్పుడే. పొద్దున్నించీ ఏమీ తినని మనిషికి, టిఫిన్ చేసి నాలుగు గంటలైన మనిషికి వేలి చుక్కలో 104 రావడంలో వింతేముంది? సన్నగా ఉన్నవాళ్లకు రాదన్న ధీమా కూడా మన దగ్గర పనికిరాదు. లావు లేని మన ఆడవాళ్లలోనూ ఇది తరచుగానే కనిపిస్తుంది.

కనిపెట్టకపోతే ఏమవుతుందో వైద్యానికి బాగా తెలుసు. తల్లి రక్తంలోని చక్కెర మాయ దాటి బిడ్డలోకి వెళ్తుంది. బిడ్డ తన ఇన్సులిన్‌ను ఎక్కువగా తయారుచేసుకుని ఆ చక్కెరను కొవ్వుగా మారుస్తుంది. ఉమ్మనీరు పెరుగుతుంది, బిడ్డ బరువు మించుతుంది, కాన్పులో భుజాలు అడ్డం పడతాయి, తల్లికి బీపీ వస్తుంది. నెలలు నిండాక కడుపులోనే బిడ్డ పోయిన ఇళ్లలో, కారణం తెలియదనుకున్న వాటిలో, షుగర్ ఎన్నిటికి కారణమో ఎవరు లెక్కపెట్టారు? తొమ్మిది దేశాల్లో సుమారు పాతిక వేల మంది గర్భిణులను పరిశీలించిన హాపో అధ్యయనం 2008లో వెలువడింది. షుగర్ పెరిగేకొద్దీ ముప్పు మెట్టుమెట్టుగా పెరుగుతుందనీ, ఫలానా అంకె దగ్గర హఠాత్తుగా మొదలవదనీ అది తేల్చింది. అంతకుముందే, 2005లో, ఆస్ట్రేలియా పరిశోధకులు వెయ్యి మందిని రెండు జట్లుగా చేసి చూశారు. వైద్యం చేయని జట్టులో నూటికి నలుగురు బిడ్డలకు మరణం, ఎముక విరగడం, భుజం ఇరుక్కోవడం వంటి తీవ్రమైన నష్టం జరిగితే, వైద్యం అందిన జట్టులో అది నూటికి ఒకరికి తగ్గింది.

అందువల్ల మా మాట సూటిగా ఇది: గ్లూకోజ్ నీళ్లు తాగించకుండా తీసిన ఏ అంకెనూ గర్భిణి షుగర్ పరీక్షగా లెక్కించకూడదు. తాగించిన సమయం, రక్తం తీసిన సమయం రెండూ నమోదు చేస్తేనే ఆన్‌లైన్ తీసుకోవాలి. లేకపోతే ఆ గడి ఖాళీగానే కనిపించాలి. ఖాళీ గడి సిగ్గుచేటుగా ఉంటుందేమో, ఆ సిగ్గే పని చేయిస్తుంది.

నిజానికి అసలు చిక్కు ఆ రెండు గంటల దగ్గరే ఉంది. తండా నుంచి వచ్చిన ఆమెకు మధ్యాహ్నం ఒక్కటే బస్సు. మరొకామెను భర్త బండి మీద దింపి ‘పన్నెండుకల్లా వస్తా’ అని కూలికి వెళ్లాడు. అత్త పక్కనే ఉండి తొందర పెడుతోంది. కూర్చోవడానికి వరండాలో రెండు బల్లలు, తిరగని ఫ్యాను. గ్లూకోజ్ నీళ్లు వెగటు, పైగా వేవిళ్లు. ఇవన్నీ చూసి సిబ్బంది అడ్డదారి పట్టారంటే వాళ్ల తప్పు సగమే. ఇందుకు ఖర్చు లేని మార్గం ఉంది. గర్భిణి గుమ్మంలోకి అడుగుపెట్టగానే మొదట గ్లూకోజే తాగించాలి. తాగేందుకు ఇబ్బందైతే ఓ నిమ్మచెక్క పిండవచ్చు. బరువు, బీపీ, డాక్టర్ చూడటం, స్కానింగ్ చీటీ రాయడం అన్నీ ఆ తర్వాతే. ఎలాగూ క్యూలో రెండు గంటలు పోతాయి కదా, అవే పరీక్ష గంటలవుతాయి. ప్రతి నెలా 9న జరిగే మాతృత్వ అభియాన్ శిబిరాలకు ఇది మరీ బాగా సరిపోతుంది.

పెద్దాసుపత్రుల నిపుణులు కొందరికి ఈ పరగడుపు లేని పద్ధతి మీద అభ్యంతరం ఉంది. పరగడుపున ఒకటి, గంటకొకటి, రెండు గంటలకొకటి చొప్పున మూడు నమూనాలు తీసే అంతర్జాతీయ పద్ధతితో పోలిస్తే ఒక్క నమూనా పరీక్ష కొందరిని వదిలేస్తుందన్నది వాళ్ల వాదన. ఆ మాటలో నిజముంది. అయితే ఎనిమిది గంటలు పస్తుండి, రెండు బస్సులు మారి వచ్చి, మూడుసార్లు రక్తం ఇవ్వమంటే మన పల్లెల నుంచి ఎందరు వస్తారు? చెన్నై డాక్టర్ వి. శేషయ్య, ఆయన సహచరులు ఈ ఒక్క మెట్టు పద్ధతి కోసం పట్టుబట్టింది ఆ ప్రశ్నకు జవాబుగానే. ఆయన పుట్టినరోజు మార్చి 10నే ఈ జబ్బుపై జాతీయ అవగాహన దినంగా జరుపుకొంటున్నాం. ల్యాబ్ ఉండి, గర్భిణి పరగడుపున రాగలిగిన చోట మూడు నమూనాలూ తీయండి, మంచిదే. మిగతా చోట్ల జరగని మేలైన పరీక్ష కన్నా జరిగే మామూలు పరీక్షే తల్లిని కాపాడుతుంది. ప్రతి గర్భిణికీ పరీక్ష తప్పనిసరి అంటూ తమిళనాడు 2007లోనే ఉత్తర్వు తెచ్చింది. బ్రిటన్‌లో అందరికీ చేయరు గానీ, మన దక్షిణాసియా మూలాలున్న గర్భిణిని మాత్రం ముప్పు ఉన్నవాళ్ల జాబితాలో పెట్టి పరీక్షకు పిలుస్తారు. లండన్‌లో ఉంటున్న తెలుగమ్మాయికి, తెలుగు ఇంట్లో పుట్టినందుకే, అక్కడి నర్సు పరీక్ష చేయిస్తుంది. అదే ఇంట్లో పుట్టి ఊళ్లోనే ఉన్న ఆమె చెల్లెలికి వేలి చుక్కతో సరి!

మన దగ్గర ఇంకో ప్రత్యేకమైన కంత ఉంది. రెండో పరీక్ష చేయాల్సిన 24-28 వారాలంటే ఆరు, ఏడు నెలలు. సరిగ్గా అప్పుడే సీమంతం చేసి పిల్లను పుట్టింటికి తీసుకెళ్తారు. అత్తగారి ఊరి ఏఎన్‌ఎం జాబితాలో ఆమె ‘ఊళ్లో లేదు’. పుట్టింటి ఊరి ఏఎన్‌ఎం జాబితాలో ఆమె పేరే లేదు. కార్డు ఒక ఇంట్లో, మనిషి ఒక ఇంట్లో. కాన్పు మూడో చోట, పట్నంలో. ఎవరి లెక్క వాళ్లకు సరిపోతుంది గనక ఆమె ఎవరి లెక్కలోనూ ఉండదు. గర్భిణిగా నమోదైనప్పుడు ఆమెకిచ్చిన ఆర్‌సీహెచ్ నంబరు ఆమెతోపాటే కదలాలి. పుట్టింటికి బయల్దేరుతున్నట్టు ఆశా కార్యకర్తకు తెలియకుండా ఉండదు. ఆ ఒక్క కబురు అవతలి ఊరి ఆశాకు ఫోన్లో అందించడం ఆమె పనిలో భాగం కావాలి, దానికి పారితోషికం కూడా ఇవ్వాలి.

షుగర్ తేలాక మొదటి మందు తిండే. రెండు వారాలు తిండి మార్చి చూడాలి. భోజనం చేసిన రెండు గంటలకు 120 లోపు రాకపోతే మెట్‌ఫార్మిన్ గానీ ఇన్సులిన్ గానీ మొదలుపెట్టాలి. ఇక్కడ మన ఇళ్లలో రెండు తప్పులు జరుగుతాయి. ‘ఇద్దరి కోసం తినాలి’ అంటూ అన్నం కుప్పపోయడం ఒకటి, షుగర్ అనగానే కడుపు మాడ్చడం మరొకటి. మామూలుగా ఈ స్త్రీలకు పొద్దుటిపూట ఇన్సులిన్ మరీ మొరాయిస్తుంది గనక టిఫిన్ దగ్గరే జాగ్రత్త కావాలి. నాలుగు ఇడ్లీల బదులు రెండు ఇడ్లీలు, ఓ ఉడికించిన గుడ్డు, లేదా పెసరట్టు. అన్నం తగ్గించి పప్పు, కూర పెంచడం. మూడు పూటల భోజనాన్ని ఐదారు చిన్న భాగాలు చేసుకోవడం. పళ్ల రసం మానేసి పండు తినడం, అదీ కొలతగా. పుట్టింటివాళ్లు ‘కడుపు చలవ’ అని తెచ్చే చలిమిడి ఓ ముక్క నోట్లో వేసుకుంటే కొంప మునగదు గానీ, బెల్లం కాబట్టి షుగర్ పెరగదన్నది ఉత్త భ్రమ. ఈ భ్రమ ప్రభుత్వానికీ ఉన్నట్టుంది. రక్తహీనత తగ్గాలని ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీల ద్వారా బెల్లం, చిక్కీలు, ఎండు ఖర్జూరం పంచుతున్నారు. ఉద్దేశం మంచిదే, సగానికి పైగా గర్భిణులు రక్తం తక్కువతో ఉన్న రాష్ట్రాలు మనవి. కానీ షుగర్ తేలిన గర్భిణికి కూడా అదే సంచీ చేతిలో పెడితే ఎలా? ఆ సరుకు విలువకు గుడ్లు, పల్లీలు, శనగలు ఇవ్వడానికి ఉత్తర్వు చాలు.

ఇన్సులిన్ పేరెత్తితే భయం. ‘అలవాటైపోతుంది’, ‘బిడ్డకు ఎక్కుతుంది’ అంటారు. ఇన్సులిన్ మాయ దాటి బిడ్డను చేరదు. చాలామందికి కాన్పు కాగానే ఆపేస్తారు. ఈ రెండు మాటలూ సూది చీటీతోపాటే, అత్తా భర్తా ఎదురుగా ఉండగా, డాక్టరే చెప్పాలి. ఇంట్లో తెలిస్తే మాటలు పడాల్సి వస్తుందని సూది దాచుకునే ఆడపిల్లలున్న సమాజం మనది.

ఇంకో మాట. షుగర్ ఉందన్న ఒక్క కారణంతో సిజేరియన్ చేయాల్సిన పని లేదని జాతీయ మార్గదర్శకాలే అంటున్నాయి. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు కోతతోనే అయ్యాయి. అదుపులో ఉన్న షుగర్‌ను చూపి ఆ లెక్కను ఇంకా పెంచే ఆసుపత్రులను అడిగేవాళ్లుండాలి. పుట్టిన బిడ్డకు షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు గనక తొలి గంటలోనే తల్లిపాలు పట్టాలి, బిడ్డ రక్తం కూడా చూడాలి. తేనె నాకించి, పాలు రేపు చూద్దామనే పెద్దరికానికి ఇక్కడ చోటు లేదు.

కాన్పుతో కథ ముగిసిందనుకోవడం అన్నిటికన్నా పెద్ద నిర్లక్ష్యం. గర్భంలో షుగర్ వచ్చిన స్త్రీకి తర్వాతి కాలంలో శాశ్వత మధుమేహం వచ్చే ముప్పు మిగతావాళ్లతో పోలిస్తే ఏడు రెట్లకు పైగా ఉంటుందని 2009లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విశ్లేషణ చెప్పింది. దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహులున్నారని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో లెక్క తేల్చింది. రేపు ఆ లెక్కలో చేరబోయేవాళ్లలో కొందరి పేర్లు ఇవాళే మన కాన్పుల రిజిస్టర్లలో ఉన్నాయి. ఇంత ముందుగా చెప్పే జబ్బులు ఎన్ని? అందుకే కాన్పయిన ఆరు వారాలకు మళ్లీ గ్లూకోజ్ పరీక్ష చేయాలని నిబంధన. దానికి మాత్రం పరగడుపున రావాలి. ఆ పరీక్షకు వచ్చే బాలింత చాలా అరుదు. బాలింత పథ్యం, నిద్ర లేని రాత్రులు, చంటిబిడ్డ. తన కోసం ఆసుపత్రికి వెళ్దామని ఆమె అనదు, ఇంట్లో ఇంకెవరూ అనరు.

కానీ అదే ఆరు వారాలకు ఆమె బిడ్డను ఎత్తుకుని తప్పకుండా వస్తుంది, నెలన్నర సూది వేయించడానికి. పెంటావాలెంట్ తొలి డోసు, పోలియో చుక్కలు ఆ రోజే. బుధ, శనివారాల్లో టీకాలు వేసే ఏఎన్‌ఎం దగ్గరే గ్లూకోమీటర్ ఉంటుంది. రిజిస్టర్‌లో ఆ తల్లి పేరు పక్కన షుగర్ అని ఎర్ర సిరాతో ఉంటే, ముందురోజు సాయంత్రం ఆశా వెళ్లి ‘పొద్దున ఏమీ తినకుండా రామ్మా, నీక్కూడా పరీక్ష ఉంది’ అంటే చాలు. బిడ్డకు టీకా వేశాక ఎటూ అరగంట కూర్చోబెడతారు, ఇంకో గంటన్నర నీడన చాప వేయాలి. కొత్త సిబ్బంది, కొత్త పథకం, కొత్త పేరు ఏవీ అక్కర్లేదు. రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలూ ఈ పరీక్షను టీకా కార్యక్రమానికి ముడిపెడుతూ వెంటనే ఉత్తర్వులివ్వాలి. వచ్చే మార్చి 10న ర్యాలీలు, ఫ్లెక్సీలు మాని, ఏ పీహెచ్‌సీలో గ్లూకోజ్ ప్యాకెట్లు, పట్టీలు ఎన్ని ఉన్నాయో, ఎన్ని రోజులు లేకుండా పోయాయో, షుగర్ వచ్చిన గర్భిణుల్లో ఎందరికి ఆరు వారాల పరీక్ష జరిగిందో మండలాలవారీగా జనం ముందు పెట్టాలి.