చేతి తొడుగులు కుట్టినోడు సొంతోళ్ల మీద రాసిండు

గొల్లపల్లిల ఏ చాయ్ హోటల్ల కూసున్నా గల్ఫ్ ముచ్చటే. పాస్‌పోర్టు గుంజుకున్న కఫీల్‌ను తిట్టనోడు లేడు. ఆజాద్ వీసా అమ్మింది ఎవరని అడిగితే మాత్రం అందరు గ్లాసు దిక్కు చూస్తరు. అమ్మింది మన ఊరి ఏజెంటే, ఒక్కోపాలి సొంత బామ్మర్దే. గీ మౌనం చూసినప్పుడల్లా నాకు బెంజమిన్ లే యాదికొస్తడు.

1682ల ఇంగ్లండ్‌ల పుట్టిండు. నాలుగు ఫీట్ల మనిషి, గూని. చేతి తొడుగులు కుట్టుడు నేర్సుకున్నడు, ఓడల మీద పనిజేసిండు. 1718ల బతుకుదెరువుకు బార్బడోస్ దీవికి పోయి దుకాణం పెట్టిండు. అంతా చెరుకు తోటలు. ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన బానిసలు ఆకలికి తాళలేక దుకాణంల దొంగతనం జేస్తే ఆయనే కొట్టిండు. ఈ సంగతి ఎవలో బయటపెట్టలే, తనే ఒప్పుకున్నడు. నాకైతే ఆయన కథల గిదే పెద్ద సంగతి.

తర్వాత అమెరికాల ఫిలడెల్ఫియా దిక్కు వలసవోయిండు. ఆడ ఆయన మతపోళ్లు క్వేకర్లు. కొట్లాట వద్దనే మెత్తటి మనుషులు, కాని మస్తుమంది ఇండ్లల్ల బానిసలు. 1737ల వాళ్ల మీదనే పుస్తకం రాసిండు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ అచ్చేసిండు గని తన పేరు ఏస్కోలే. 1738ల పుస్తకం ఒకటి తొలిచి, లోపట ఎర్ర రసం తిత్తి పెట్టుకొని సభకు వోయిండు. కత్తితోని పొడిస్తే ఆ రసం పక్కనోళ్ల మీద చిల్లింది. సంఘం ఎలేసింది. 1758ల గదే సంఘం బానిస వ్యాపారం జేసే తనోళ్ల మీద చర్యకు తీర్మానం జేసింది. ఏడాది తిరగకముందే లే సచ్చిపోయిండు.

గల్ఫ్ కూలి, ఆ బానిసత్వం ఒక్కటే అంటలేను. మనోన్ని సంతల అమ్మలే. కాని ఇంటికాడ మిత్తి పెరుగుతుంటే, పాస్‌పోర్టు సేటు బీరువల ఉంటే తిరుగుదారి ఎంత దూరమో ఖల్లివెల్లి అయినోన్ని అడుగుర్రి. పని మారెతందుకు యజమాని కాయితం అక్కరలేదని ఖతర్ 2020ల కానూన్ తెచ్చింది. మంచిదే. మన ఊరి వీసా రేటును ఆ కానూన్ ముట్టదు కదా. రిజిస్ట్రేషన్ లేనోడు మందిని విదేశానికి పంపుడు 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద నేరం. గా చట్టం కింద ఎంతమంది సబ్ ఏజెంట్ల పేర్లు మనం రాసిచ్చినం? 1978ల జైత్రయాత్ర తీసిన జగిత్యాల గడ్డ ఇది. దొర వెట్టి మీద లేస్తిమి, బామ్మర్ది మీద లేస్తలేం.

నేను సుత కడిగిన ముత్యాన్ని కాదు. మా సుట్టం ఒకాయన వీసాలు అమ్ముతుంటే, "మంచోడే, పోర్రి" అని ఇద్దరు పిలగాండ్లకు చెప్పిన. అందుల ఒకడు ఏడాది నిండకముందే ఔట్‌పాస్ మీద ఇల్లు జేరిండు. గిన్నేండ్లు ఏ మీటింగుల గీ ముచ్చట ఎత్తలే.