పదికి నాలుగు

జర్నలిజం డిగ్రీ పాఠ్యప్రణాళికలో అభ్యసన లక్ష్యాలు ఘనంగానే ఉంటాయి. విద్యార్థి స్పష్టంగా సంభాషించాలి, విమర్శనాత్మకంగా ఆలోచించాలి, భిన్న సమూహాలను గౌరవించాలి. అభ్యసన ఫలితాల ఆధారంగా పాఠ్యప్రణాళికలు రూపొందించుకోవాలని యూజీసీ కూడా కొన్నేళ్లుగా చెబుతున్నది. పేచీ అంతా మార్కులు వేసే దగ్గరే.

థియరీ జవాబుపత్రం మీద కోడ్ నంబరే ఉంటుంది. మౌఖిక పరీక్షలో, వార్త చదివి వినిపించే ప్రాక్టికల్‌లో మాత్రం విద్యార్థి మన ఎదుట నిలబడతాడు. ఇంటిపేరు, యాస, చదివిన గురుకులం అన్నీ బల్ల మీదికి వస్తాయి. 'ఏ ఊరు బిడ్డా మీది?' అని ఆప్యాయంగానే అడుగుతాం. ఎందుకు అడుగుతున్నామో అడిగేవారికీ తెలుసు, చెప్పేవారికీ తెలుసు.

కొన్నేళ్ల క్రితం ఒక కళాశాలకు పరీక్షకుడిగా వెళ్లాను. ఆదిలాబాద్ ఏజెన్సీ నుంచి వచ్చిన ఒక గోండు విద్యార్థిని వార్త చదువుతూ 'ష'ను 'స'గా పలికింది. ఉచ్చారణకు పదికి నాలుగు వేశాను. తర్వాత ఆమె ప్రాజెక్టు చూశాను. పోడు భూముల తగాదా మీద ఊరి పెద్దలతో గోండీలో మాట్లాడి, ఆ మాటలను తెలుగులోకి తెచ్చి, అటవీ అధికారి వివరణ కూడా జోడించింది. విలేకరి చేయవలసిన పని అదే. దానికి మార్కులు వేయడానికి నా చేతిలోని పట్టికలో గడే లేదు.

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. మృతులు 13 మంది అని ప్రభుత్వం ప్రకటించింది. అంతకు ఎన్నో రెట్లని హక్కుల సంఘాలు అన్నాయి. బాధితుల భాషలోనే వారిని ప్రశ్నించగల విలేకరులు ఆనాడు ఎందరున్నారు? 2011 జనగణన ప్రకారం దేశంలో గోండీ మాట్లాడేవారు దాదాపు 30 లక్షల మంది. ఆ భాషకు ఎనిమిదో షెడ్యూలులో చోటు లేదు. మన మార్కుల పట్టికలోనూ లేదు. 1996లో బి.ఎన్. ఉనియాల్ ఢిల్లీలో ఒక్క దళిత జర్నలిస్టు కోసం వెతికి, దొరకలేదని రాశారు. ఆ వడపోత పత్రికా కార్యాలయం గుమ్మం దగ్గరే మొదలవుతుందని అనుకోలేం.

ప్రసార మాధ్యమాలకు ప్రామాణిక ఉచ్చారణ అవసరం కదా అంటారు. నేర్పుదాం, కాదనను. కానీ ఆ ప్రామాణికం ఏ జిల్లాల, ఏ కులాల ఇళ్లలో పుట్టిందో మరచిపోరాదు. తెలంగాణ యాసను సినిమాల్లో రౌడీలకూ, హాస్యగాళ్లకూ అంటగట్టారని గొంతెత్తిన వాళ్లం, అదే కొలబద్దను మన పరీక్ష గదిలో ఎట్లా నిలుపుకున్నాం?

కాకతీయ, శాతవాహన విశ్వవిద్యాలయాల పాఠ్యప్రణాళికా మండళ్లు చేయదగిన పనులున్నాయి. మాతృభాషలో ఇంటర్వ్యూ చేసి అనువదించే నైపుణ్యానికి విడిగా మార్కులు కేటాయించాలి. మార్కుల పట్టిక సెమిస్టర్ మొదట్లోనే విద్యార్థుల చేతికి అందాలి. మౌఖిక పరీక్షను రికార్డు చేయాలి. ఇద్దరు పరీక్షకులు విడివిడిగా మార్కులు వేయాలి. వీటికి పెద్ద ఖర్చేమీ కాదు, ఆచార్యుల అహం కొంత దెబ్బతింటుంది, అంతే.

నేను వేసిన ఆ నాలుగు మార్కులను సవరించే గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆమె మెమోలో అవి అట్లాగే ఉన్నాయి.