కల్లమైన రోడ్డు, కట్టుకోని బెల్టు

2014 ఏప్రిల్ 23 రాత్రి. నంద్యాలలో ఎన్నికల ప్రచారం ముగించుకుని ఆళ్లగడ్డకు బయల్దేరిన అక్కడి అసెంబ్లీ అభ్యర్థి శోభా నాగిరెడ్డి కారు గూబగుండం మెట్ట దగ్గర బోల్తా పడింది. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం కుప్పను తప్పించబోయి బండి అదుపు తప్పింది. పల్టీలు కొడుతున్న కారులోంచి ఆమె బయటికి వచ్చి పడ్డారు. బెల్టు పెట్టుకోలేదని అప్పటి పత్రికలు రాశాయి. నంద్యాలకు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు తరలించారు. మర్నాడు ఏప్రిల్ 24న కన్నుమూశారు.

ఆ తర్వాత జరిగినవన్నీ మన నంద్యాల జిల్లాలో చిన్నపిల్లలకూ తెలుసు. మే 7న పోలింగ్ జరగడం, కన్నుమూసిన అభ్యర్థికే ఆళ్లగడ్డ ఓటర్లు పట్టం కట్టడం, ఉప ఎన్నికలో కుమార్తె అఖిలప్రియ ఏకగ్రీవంగా గెలవడం రాజకీయ చరిత్రలో భాగమైపోయాయి. ఆ చరిత్రలో ఎవరూ చర్చించకుండా వదిలేసినవి రెండున్నాయి. ఒకటి రోడ్డు మీద కుప్ప. రెండోది కట్టుకోని బెల్టు. పోయింది మామూలు మనిషి కాదు. పలుమార్లు శాసనసభ్యురాలిగా గెలిచిన నాయకురాలు, ఒకప్పుడు ఆర్టీసీకి చైర్‌పర్సన్‌గా పనిచేసిన వ్యక్తి. అంతటి మనిషి పోయినా ఆ రెండింటిలో ఒక్కటీ మారలేదంటే, ఇక మామూలు వాళ్ల ప్రాణాల సంగతి వేరే చెప్పాలా?

ముందు కుప్ప సంగతి. నంద్యాల నుంచి బండి ఆత్మకూరు మీదుగా వెలుగోడు, ఆత్మకూరు వైపు వెళ్లే రోడ్డు చూడండి. ఒకవైపు కేసీ కాలువ, మరోవైపు తెలుగుగంగ నీళ్లతో వరి పండే నేల అది. కోతలు మొదలయ్యాక ఆ రోడ్డు సగం రోడ్డుగా, సగం కల్లంగా మారిపోతుంది. వడ్లు, మొక్కజొన్నలు పరిచి, బండ్లు వాటి మీద ఎక్కకుండా చుట్టూ రాళ్లు, ముళ్లకంపలు పెడతారు. సాయంత్రానికి ఎగదోసి కుప్ప చేసి పట్ట కప్పుతారు. ఆ పట్ట చాలావరకు నల్లదో, ముదురు నీలమో. చీకట్లో తారు రోడ్డు మీద నల్ల పట్ట కప్పిన కుప్ప, దాని అంచున తలకాయంత రాళ్లు. పగలు పక్కన కాపలా ఉన్న మనిషి రాత్రి ఆ కుప్ప పక్కనే నిద్రపోతాడు. అంటే ప్రమాదం కారులో ఉన్నవాళ్లకే కాదు, అతనికీ ఉంది.

రైతును తిట్టడం సులువు. కానీ ఆయన రోడ్డు మీదికి ఎందుకొచ్చాడో ఆలోచించినవాళ్లు తక్కువ. ఒకప్పుడు కొడవళ్లతో కోసి, ఓదెలు పొలంలోనే ఎండనిచ్చి, కుప్ప వేసి, తీరిగ్గా నూర్చేవాళ్లు. గింజ కల్లానికి వచ్చేసరికే చాలావరకు ఆరి ఉండేది. కోత మిషన్ వచ్చాక ఆ క్రమం పోయింది. ఎకరాలకు ఎకరాలు ఒక్క పూటలో కోసి, పచ్చి వడ్లను ట్రాలీలో గుమ్మరించి మిషన్ వెళ్లిపోతుంది. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే ఇబ్బందే. వ్యాపారి అయితే తేమ పేరు చెప్పి ధర కోస్తాడు. పాత కల్లాల జాగాలు ఇళ్లయ్యాయి, పొలాలయ్యాయి. కౌలు రైతుకైతే అసలు జాగానే లేదు. వాన ముసురు కమ్ముకొస్తుంటే, గట్టిగా, శుభ్రంగా, వేడిగా ఉండే జాగా ఊరి పక్కన తారు రోడ్డొక్కటే. కోత యంత్రానికి సబ్సిడీ ఇచ్చిన ప్రభుత్వాలు, ఆ యంత్రం కోసిన గింజ ఎక్కడ ఆరాలో ఆలోచించలేదు. ఈ విషయంలో మొదటి తప్పు రైతుది కాదు, విధానానిది.

ఆ మాటకొస్తే తెలంగాణలో ఒక ప్రయత్నం జరిగింది. ఉపాధి హామీ నిధులతో పొలాల్లో సిమెంటు కల్లాలు కట్టించారు. అది నిబంధనలకు విరుద్ధమంటూ 2022లో కేంద్రం రూ.151 కోట్లకు పైగా వెనక్కి కట్టమంది. చేపలు ఆరబెట్టుకునే కల్లాలకు ఒప్పుకున్నప్పుడు వడ్ల కల్లాలకు ఎందుకు ఒప్పుకోరని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం అడిగింది. వాదన రాజకీయ పార్టీల మధ్య పోట్లాటగా మారి అక్కడే ఆగిపోయింది. ఆ చర్చలో రోడ్డు భద్రత ముఖ్యాంశం కాలేదు. వడ్ల కల్లం వ్యవసాయ శాఖ పద్దులో ఒక ఖర్చు. కానీ రోడ్డు మీద అది ప్రాణాలు నిలబెట్టే పని, గోతులు పూడ్చడం కంటే ముందు చేయాల్సిన పని.

చట్టం లేదా అంటే, ఉంది. బాటకు అడ్డంకి పెట్టడం నేరమే. పాత శిక్షాస్మృతిలో దానికి జరిమానా 200 రూపాయలు. కొత్త న్యాయ సంహితలో 5,000 వరకూ పెంచారు. ప్రమాదం జరిగినప్పుడు కేసు రాయడానికి ఆ సెక్షన్ పనికొస్తుందేమో గానీ, గింజ ఆరబెట్టుకోవడానికి జాగా చూపించకుండా రైతు మీద కేసులు పెడితే కుప్ప పక్క రోడ్డుకు మారుతుంది, అంతే.

ఇక కారులో ఉన్నవాళ్ల సంగతి. గంటకు 100 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. కుప్పను చూసి కాలు బ్రేకు మీదికి పోవడానికి ఒక సెకను పట్టిందనుకుందాం. 28 మీటర్లు అక్కడే అయిపోయాయి. పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో బండి పూర్తిగా ఆగడానికి ఇంకో 55 మీటర్లు కావాలి. మొత్తం 80 మీటర్ల పైమాటే. డిమ్ లైట్లో దీపం లేని అడ్డంకి కనిపించేది 40, 50 మీటర్ల నుంచి. అంటే 100లో పోతున్న డ్రైవరు ఎంత నేర్పరి అయినా కుప్పకు ముందు ఆగలేడు. స్టీరింగ్ తిప్పుతాడు. ఎత్తుగా ఉండే ఎస్‌యూవీ ఆ వేగంలో ఒక్కసారిగా తిరిగితే బోల్తా పడుతుంది. అదే 60లో పోతుంటే 40 మీటర్ల లోపే ఆగుతుంది. నాలుగు వరుసల రహదారి మీద కార్లకు చట్టం 100 దాకా ఒప్పుకుంటుంది. కానీ కోతల కాలంలో, రాత్రిపూట, మన రోడ్ల మీద అది క్షేమకరమైన వేగం కాదు. నంద్యాల–ఆత్మకూరు లాంటి రోడ్ల మీద, వెనక ఎర్ర దీపం కూడా లేని ట్రాక్టర్ ట్రాలీలు తిరిగేచోట, 60 కూడా ఎక్కువే.

కుప్ప ఎదురైతే, వేగం ఎక్కువైతే, బండి పల్టీ కొడితే, చివరికి మిగిలే దిక్కు బెల్టే. 1959లో వోల్వో కంపెనీ ఇంజినీరు నిల్స్ బోలిన్ రూపొందించిన మూడు పాయింట్ల బెల్టు అది. పేటెంట్ తమ దగ్గరే ఉంచుకోకుండా ఆ కంపెనీ అందరినీ వాడుకోనిచ్చింది. ముందు సీట్లో మరణాన్ని దాదాపు సగానికి తగ్గించే పట్టీ అది. బోల్తా ప్రమాదాల్లో దాని విలువ ఇంకా ఎక్కువ. బండి పల్టీలు కొడుతున్నప్పుడు మనిషి లోపలే ఉంటే బతికే అవకాశం ఉంటుంది. బయట పడ్డాడంటే బండే మీద పడుతుంది, లేదా తల నేలకు కొట్టుకుంటుంది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో బెల్టు పెట్టుకోక చనిపోయినవాళ్లు 16,715 మంది. వాళ్లలో డ్రైవర్లు 8,384 మంది అయితే, ప్రయాణికులు 8,331 మంది. దాదాపు సగం సగం. బెల్టు డ్రైవరుకే అనుకునే మన అలవాటుకు ఆ రెండో అంకె చెప్పే జవాబు ఇది.

వెనక సీటు విషయంలో మన అజ్ఞానం మరీ లోతైనది. పెద్దవాళ్లు కూర్చునేది వెనక, కాబట్టి అది భద్రమైన చోటు అనే నమ్మకం ఇంటింటా ఉంది. కొత్త కారు కొన్న వారంలోనే సీటు కవర్లు వేయిస్తారు, వెనక బకిల్స్ ఆ కవర్ల కింద పోతాయి. ఓంకారానికో, మహానందికో, అహోబిలానికో బయల్దేరితే అయిదుగురి బండిలో ఏడెనిమిది మంది ఎక్కుతారు, ఇక బెల్టు మాటే రాదు. 2014 జూన్ 3న ఢిల్లీలో కేంద్ర మంత్రి గోపీనాథ్ ముండే పోయింది వెనక సీట్లోనే. 2022 సెప్టెంబర్ 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర టాటా సంస్థ మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ పోయిందీ వెనక సీట్లో, బెల్టు లేకుండానే. ముందు సీట్లో బెల్టు పెట్టుకున్నవాళ్ల ప్రాణం కూడా వెనకవాళ్ల చేతిలో ఉంటుంది. గుద్దుకున్న క్షణంలో వెనక మనిషి అదే వేగంతో ముందు సీటు మీదికి వచ్చి పడతాడు. వెనకవాళ్లు బెల్టు పెట్టుకోకపోతే, బెల్టు పెట్టుకున్న ముందు సీటు వాళ్లకు చావు ముప్పు దాదాపు అయిదు రెట్లు పెరుగుతుందని జపాన్ ప్రమాదాల మీద జరిగిన అధ్యయనం ఒకటి 2002లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది.

ముందు సీట్లో తల్లి ఒడిలో బిడ్డ. ఈ దృశ్యం చూసినప్పుడల్లా నాకు గుండె ఆగినంత పనవుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో గుద్దుకుంటే పది కిలోల బిడ్డ రెండు వందల కిలోలు దాటిన బరువులా ముందుకు పోతాడు. ఏ తల్లి చేతులూ ఆపలేవు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే అదే బిడ్డకు దెబ్బ. ఆ ఎయిర్‌బ్యాగ్ కూడా బెల్టుకు తోడుగా పనిచేసేలా తయారైంది, బెల్టుకు బదులుగా కాదు. ‘ఎయిర్‌బ్యాగులు ఆరున్నాయి, బెల్టెందుకు’ అనే మాట షోరూముల్లోనే వినిపిస్తోంది. దాన్ని అక్కడే ఖండించాలి.

బెల్టు పెట్టకపోతే మోగే అలారాన్ని నోరు మూయించడానికి మనవాళ్లు క్లిప్పులు కొంటున్నారు. బకిల్‌లో ఆ ముక్క గుచ్చితే చాలు, బెల్టు పెట్టుకున్నట్టు కారు నమ్ముతుంది. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అయిదు ఆన్‌లైన్ అమ్మకపు సంస్థల మీద ఆదేశాలిచ్చి, 13,118 అమ్మకపు జాబితాలను తీయించింది. ఆన్‌లైన్లో తీసేశారు గానీ ఊళ్లలోని యాక్సెసరీ షాపుల మీద ఎవరి కన్నూ పడలేదు. రవాణా శాఖ ఒక్క పూట నంద్యాల షాపులు తనిఖీ చేస్తే ఎన్ని దొరుకుతాయో తెలుస్తుంది. ప్రాణం కాపాడే అలారాన్ని ఆపే వస్తువును అమ్మడం నేరమని విడిగా చట్టం చేయాల్సిన సమయం వచ్చింది.

బెల్టు పెట్టుకుంటే కాలువలో పడినా, బండి అంటుకున్నా బయటికి రాలేమనే భయం కేసీ కాలువ పక్కన బతికే మనవాళ్లలో ఎక్కువ. 2025 అక్టోబర్‌లో కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు సజీవదహనమయ్యాక ఆ భయం ఇంకా పెరిగింది. భయం సహజమే. కానీ నీళ్లలో పడే, మంటలంటుకునే ప్రమాదాలు మొత్తంలో చాలా కొద్ది. ఆ కొద్దిలో కూడా, తలకు దెబ్బ తగలకుండా స్పృహతో ఉన్నవాడే బెల్టు విప్పుకుని బయటికి రాగలడు. స్పృహ నిలబెట్టేది బెల్టే.

అయితే బెల్టుతోనే అన్నీ తీరవు. 2024 మార్చి 6 తెల్లవారుజామున ఆళ్లగడ్డ దగ్గర నల్లగట్ల వద్ద, తిరుమల నుంచి తిరిగొస్తున్న కారు లారీని వెనక నుంచి ఢీకొని ఒకే కుటుంబంలో అయిదుగురు పోయారు. వాళ్లలో పెళ్లయి వారమైనా కాని జంట ఉంది. లారీ కిందికి కారు దూరిపోయే ప్రమాదాల్లో బెల్టు ఒక్కటే సరిపోదు. కర్నూలు–కడప జాతీయ రహదారి హైదరాబాద్ వాళ్లకు తిరుపతి దారి. రాత్రంతా నడిపితే ఒక రోజు కలిసొస్తుందని బయల్దేరతారు. తెల్లవారుజామున మూడు నుంచి ఆరు దాకా కన్ను మూత పడే వేళ. దర్శనం కోసం ముందు రాత్రీ నిద్ర లేనివాళ్లకు అది మరీ ప్రమాదం. రోడ్డు పక్కన లారీలు ఆగే జాగాలు, డ్రైవర్లు గంట పడుకునే నీడ ఈ మార్గంలో ఎన్నున్నాయో ప్రయాణించినవాళ్లకు తెలుసు. టోలు వసూలు చేసేవాళ్లు ఆ జాగాలు చూపించాలి. రోడ్డు రూపకల్పనలో, నిర్వహణలో భద్రతా ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా బాధ్యులైన సంస్థలకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చని 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలో 198ఏ సెక్షన్ ఉంది. బెల్టు పెట్టుకోకుండా నడిపినా, బెల్టు పెట్టని ప్రయాణికులను ఎక్కించుకున్నా డ్రైవరుకు వెయ్యి రూపాయలు వేసే 194బీ సెక్షన్ కూడా ఆ చట్టంలోదే. రెండోది అప్పుడప్పుడైనా రోడ్డు మీద కనిపిస్తుంది. మొదటిదాన్ని అధికారులు వాడగా మన జిల్లాలో వినలేదు.

జిల్లా కలెక్టరుకు, నంద్యాల, శ్రీశైలం, ఆళ్లగడ్డ శాసనసభ్యులకు విన్నపం ఇది. రాబోయే కోతలకు ముందే బండి ఆత్మకూరు, గోస్పాడు, శిరివెళ్ల, రుద్రవరం మండలాల్లో వరి ఊళ్లన్నింటికీ ఉమ్మడి కల్లాలకు జాగా గుర్తించండి. అవి కట్టేదాకా బడి మైదానాలు, మార్కెట్ యార్డులు, ఖాళీ లేఅవుట్లు తెరిచిపెట్టండి. కౌలు రైతుకూ అక్కడ చోటివ్వండి. అంతవరకూ రోడ్డు మీద ఆరబోయక తప్పని చోట, చీకటి పడేలోగా కుప్ప మార్జిన్‌లోకి దిగేలా, దాని చుట్టూ రాళ్లకు బదులు వెలుగు పడితే మెరిసే టేపు కట్టిన కర్రలు ఉండేలా రైతు సేవా కేంద్రాల ద్వారా ఏర్పాటు చేయండి. పట్టలతో పాటు ఆ టేపు కూడా ఇవ్వండి, దానికయ్యే ఖర్చు ఎంతో కాదు. పాఠకులకూ ఒక మాట. ఈ ఆదివారం మీ కారు వెనక సీటు కవరు పైకెత్తి బకిల్స్ బయటికి తీయండి. మూడూ పనిచేస్తున్నాయో లేదో చూడండి. ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, బెల్టు ఎలా పెట్టుకోవాలో, ఎలా తీయాలో చూపించండి.