షట్టరుకు నడుమనే బలహీనత

సరిహద్దు ఊళ్లలో వాహనం పోతే వెదకడం రెట్టింపు కష్టం. హోసూరులో అర్ధరాత్రి కదిలిన బండి తెల్లవారేలోగా అత్తిబెలె దాటి కర్ణాటకలో ఎక్కడికైనా చేరగలదు. కనుక ఇంట బండి నిలిపే గది తలుపును గురించి కొంత ఆలోచించవలసి ఉన్నది.

ఇనుప షట్టరుకు ఇరువైపులా తాళాలు వేసి నిశ్చింతగా నిద్రించేవారే అధికం. అయితే రెండు కొసలూ బిగిసి ఉన్నా నడిమి పట్టీలు వంగుతాయి. అడుగున గునపం పెట్టి ఎత్తితే మనిషి దూరేటంత సందు ఏర్పడుతుంది. నడుమ భాగాన్ని నేలలో పాతిన కొక్కేనికి బిగించే తాళమే దీనికి విరుగుడు. ఆ గునపాన్నీ, నిచ్చెననూ మనమే ఆరుబయట వదలివేయడం మరొక వింత! ఇక ఆ గది నుండి ఇంటిలోనికి వెళ్లే తలుపుకు గడియైనా పెట్టని ఇళ్లు ఎన్నో.

ఇంత జాగ్రత్తపడినా బండి పోతే? 'ఇది మా పరిధి కాదు, పక్క రాష్ట్రానికి వెళ్లండి' అనే మాటకు ఇప్పుడు చట్టంలో తావు లేదు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు చేయవచ్చును. నోటితో చెప్పినదానిని వ్రాయించి, చదివి వినిపించాలి. ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. తమిళ, కన్నడ లిపులు చదువలేని మన పెద్దలకు ఈ చదివి వినిపించడం చిన్న విషయం కాదు. బండి నంబరులో ఒక్క అంకె తప్పుగా పడినా బీమా సొమ్ము దగ్గర చిక్కు రావచ్చును. సంతకానికి ముందే ఆర్.సి. పుస్తకంతో సరిచూచుకోవాలి.