పెద్దబిడ్డలును తోపుడుబండ్లును

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో కొడుకునో కూతురినో అమెరికాకు పంపిన గృహములు నేడు పెక్కులు గలవు. పురుటి సాయమునకో, మనుమలను జూచుటకో యచ్చటికి పోయి మాసములకొలది యుండి వచ్చిన పెద్ద ముత్తైదువలు ఇరుగుపొరుగులకు చెప్పు వింతలలో నొకటి కలదు. డిస్నీవారి వినోదవనములలో అయిదారేండ్ల పిల్లలు, చక్కగా పరుగెత్తగలవారు, చంటిబిడ్డలవలె చక్రముల బండిలో కూర్చుండుటయు, తల్లిదండ్రులు వారిని త్రోసికొని పోవుటయు! దానిని జూచి అచ్చటివారు సైతము రెండు విధములుగా మాటలాడుదురు. తల్లి సోమరియని కొందరు, బిడ్డకు గారాబము మితిమీరినదని కొందరు. ఆ చోటు నెరిగినవారికిగాని యా బాధ తెలియదని మరికొందరు.

సోదరీమణులారా, ఈ మాసము మేమీ విషయమునే ముచ్చటింపదలచితిమి. బండి వారిదైనను చిక్కు మనదికూడ. మన తిరునాళ్లలో అయిదేండ్ల బిడ్డ తండ్రి భుజముననో తల్లి చంకనో యుండుట మనము చూడనిదా?

మొదట ఈ బండి పుట్టుక నెరుగుట మంచిది. ఇంగ్లండులో 1733వ సంవత్సర ప్రాంతమున విలియం కెంటు అను శిల్పి డెవన్‌షైర్ ప్రభువు పిల్లలకొక చిన్నబండిని చేసియిచ్చెను. అది మేకనుగాని పొట్టిగుఱ్ఱమునుగాని కట్టి యీడ్పించునది; ఐశ్వర్యవంతుల వేడుక. నేడు మనము చూచు, గొడుగువలె ముడుచుకొను తేలికబండిని 1965లో ఓవెన్ మెక్లారెన్ అను ఇంజనీరు రూపొందించెను. ఆయన పూర్వము స్పిట్‌ఫైర్ విమానముల చక్రపు కాళ్ల నిర్మాణములో పనిచేసినవాడు. విమానపు కాళ్లు ముడుచుకొనినట్లు ఆయన చేతిలో బిడ్డ బండియు ముడుచుకొనెను. నాటినుండి అది సామాన్య గృహములకును చేరినది.

మన యిండ్లలోను పూర్వమునుండి బిడ్డలకొక బండి కలదు. అది మూడు చక్రముల కొయ్య నడకబండి. బిడ్డ దానిని పట్టుకొని నిలిచి, తానే త్రోయుచు నడక నేర్చుకొనును. ఒక బండి బిడ్డను మోయును. ఒక బండిని బిడ్డ త్రోయును. రెంటికిని వేరువేరు సమయములు గలవు. ఏది యెప్పుడు కావలయునో తెలిసికొనుటయే తల్లి నేర్పు.

వినోదవనములో బండి యెక్కిన పెద్దబిడ్డను జూచి వెంటనే తల్లిని నిందింపరాదు. ఫ్లారిడాలో 1971లో తెరవబడిన డిస్నీ వరల్డు ఒక తోటకాదు, ఒక సీమ. అందు 1982లో వెలసిన ఎప్‌కాట్ అను భాగములో నొక్క సరస్సును చుట్టివచ్చుటకే ఇంచుమించు 2 కిలోమీటర్లు నడువవలయును. ఇట్టివి ప్రొద్దున మొదలు రాత్రి బాణసంచా వరకు తిరిగి చూచువారు కలరు. పైగా ఫ్లారిడా వేసవి మన బాపట్ల వేసవివలె ఉక్కపోతతో గూడినది. పెద్దలు రెండడుగులు వేయుచోట అయిదేండ్ల బిడ్డ ఇంచుమించు మూడడుగులు వేయవలయును. ఇంటివద్ద గంతులువేయు బిడ్డ అచ్చట సాయంకాలమునకు చతికిలబడుటలో వింత లేదు. బండ్ల రద్దీ యెంతటిదనగా, 79 సెంటీమీటర్ల వెడల్పును, 132 సెంటీమీటర్ల పొడవును మించిన బండ్లను రానీయరాదని 2019 మే 1వ తేదీనుండి డిస్నీవారు తమ అమెరికా వనములలో నియమము పెట్టవలసివచ్చెను.

కావున నట్టి దినమున బండిని వాడుట తప్పుగాదు. తప్పు ఎచ్చటనున్నదనగా, ఆ యొక్కదినపు సౌకర్యము నిత్యపు టలవాటగుటలో నున్నది. అయిదేండ్లలోపు బిడ్డలను బండిలోగాని మరియే విధముగాగాని ఒక్కసారికి గంటకుమించి కట్టివేసినట్లు కూర్చుండబెట్టరాదనియు, ఏడాది నిండిన బిడ్డ దినమునకు మూడు గంటలైన మెదలుచు నాడుకొనవలయుననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో హితవు చెప్పినది. అయిదేండ్లు నిండిన పిమ్మట దినమునకు సగటున గంటసేపు ఒడలు వేడెక్కునట్టి ఆట యుండవలయును.

ఇక మన యింటి సంగతి చూతము. మనకు తోపుడుబండి లేదని సంతోషింప పనిలేదు. దాని పనిని మన స్కూటరును ఆటోయు చేయుచున్నవి. బడి రెండు వీధుల దూరమున నున్నను బిడ్డను ఎక్కించుకొనియే పోవుదుము. ఇంటికి వచ్చినంతనే చేతికి సెల్‌ఫోను నిత్తుము. పిదప వైకుంఠపురము గుడికో, భావనారాయణస్వామి కోవెలకో తీసికొనిపోయిననాడు "అమ్మా, ఎత్తుకో" యని ఏడ్చిన కోపింతుము. నడువ నేర్పని కాళ్లు ఆనాడు మాత్రమెట్లు నడుచును? తెనాలి కాలువగట్టున సాయంకాలము బిడ్డ చేయిపట్టుకొని నడచిన పావుగంటయే తిరునాళ్లనాడు మనకు అక్కరకు వచ్చును.

మోయు తల్లి నడుమునుగూర్చియు తలంపవలయును. మూడేండ్ల బిడ్డ సుమారు 14 కిలోలును, అయిదేండ్ల బిడ్డ సుమారు 18 కిలోలును ఉండును. ఒక ప్రక్కకు వంగి యా బరువును గంటసేపు మోయుట ఏ నడుమునకును మేలుగాదు. నిండుచూలాలికి, బాలింతరాలికి అసలే తగదు. మరియొక అన్యాయము మన తిరునాళ్లలో కలదు. ఎనిమిదేండ్ల అక్క చంకలో నాలుగేండ్ల తమ్ముడు! వాని కాళ్లు దాని మోకాళ్లను దాటి వ్రేలాడుచుండును. ఆడపిల్లకు మాత్రము నడుము లేదా? ఆమె కది తిరునాళ్ల కాదా? ఇట్టిచోట తోపుడుబండియే ధర్మమని మా యభిప్రాయము.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యింకొకటి గలదు. నడువనని మారాము చేయు బిడ్డ వేరు, నడువలేని బిడ్డ వేరు. నిన్నటివరకు ఆడుచుండిన బిడ్డ క్రమముగా ఎత్తుకొనుమని యడుగుచున్నను, కొద్దిదూరమునకే ఆయాసపడుచున్నను, పాలిపోయి యున్నను రక్తహీనతయో మరియొక రోగమో యుండవచ్చును. మగబిడ్డ మాటిమాటికి పడుచు, మునివ్రేళ్లపై నడచుచు, మెట్లెక్కలేక, నేలనుండి లేచునపుడు చేతులతో తన తొడలనే పట్టుకొని పైకి లేచుచున్నచో అది కండరముల క్షీణవ్యాధికి గుర్తు కావచ్చును. దిష్టియనియు బద్ధకమనియు దినములు గడపక వైద్యునికి చూపవలయును. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్వాడీలలోను ప్రభుత్వ పాఠశాలలలోను బిడ్డలను పరీక్షించు ఏర్పాటు కలదు, దానిని వినియోగించుకొనుడు. మరికొందరు బిడ్డలు చూపునకు ఆరోగ్యవంతులేగాని గుంపును, సద్దును ఓర్వలేరు. క్షణములో చేయి విడిపించుకొని పరుగిడుదురు. వారికి బండి సోమరితనము గాదు, ఆశ్రయము. ఏ తల్లి బండిలో ఏ కష్టమున్నదో దారిన పోవువారికి తెలియదు.

ఇక కొన్ని సూచనలు. సూర్యలంక సముద్రతీరమునకు పోవువారు బండిని నమ్ముకొనరాదు; ఇసుకలో చక్రములు దిగబడును. అచ్చటికి ప్రొద్దుననే పోయి, ఎండ ముదురకముందే మరలుట మేలు. మోపిదేవికో కోటప్పకొండకో పోవునపుడు అరగంటకొకసారి నీడను కూర్చుండబెట్టి నీరిండు. "అదిగో ఆ చెట్టువరకు" అని గురి చూపిన బిడ్డ ఉత్సాహముతో నడచును. పేరును ఫోను నంబరును వ్రాసిన చీటి వాని జేబులో నుంచుడు. బండి యున్నవారు అది యెంత బరువునకు తగినదో చూచి, నడుముపట్టీ తప్పక కట్టుడు. పిడికి సంచులు వ్రేలాడదీసినచో వెనుకకు తిరుగబడును. ఎండకని మందపు గుడ్డ కప్పినచో లోపల వేడి హెచ్చును. తెనాలి జంక్షనులో రేపల్లె బండికై వేచియుండునపుడు చక్రములను పట్టాలవైపు త్రిప్పక, బ్రేకు వేసి, చేయి విడువక నిలువుడు.

అమెరికా పోవు అత్తగారికి మా మనవి యొకటే. మనుమడు బండిలో కూర్చుండుట చూచి కోడలిని నలుగురిలో నొక మాట యనకుడు. మీరు తిరిగి వచ్చెదరు. ఆ మాట అచ్చటనే యుండిపోవును. మరునాటి యుదయము వాని చేయి పట్టుకొని వీధి చివరివరకు నడిపించి తెండు. కోడలికి కొంత విశ్రాంతి, మనుమనికి నడక, మీకు వాని ముచ్చట్లు దక్కును.